బడిపంతులు రహీం సాబ్

అచ్చంపేట మైదానంలో ఎదురు లేకుండా ఆడే మన హాస్టల్ జట్టు, జోనల్ పోటీలకు పాలమూరు పోతే కాళ్లు వణికి ఓడి వచ్చేది. మేము ఉన్న రోజుల్లో ప్రతి ఏడాదీ ఇదే కథ. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే కనుక ఇంటర్వ్యూ గదుల్లోనూ ఆ వణుకు మమ్మల్ని వదల్లేదు. అందుకే ఈ సంచికకు సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి రాస్తున్నాం.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం గారు బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కుర్రాళ్లకు అలవాటు లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. ఆ ఆలోచన మాకు ఎంతో నచ్చింది.

అంతటి గురువుకూ ఓటమి తప్పలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో చాలామంది మనవాళ్లు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే దేశం నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచే దక్షిణ కొరియాతో ఓడిపోయాం. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన అధికారి సోంధీ తప్పుపట్టారని స్టేడియమంతా మనవాళ్లను గేలిచేసింది. రహీం గారికి అప్పటికే క్యాన్సర్. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో ఆడించారు. ఒక గోల్ పి.కె.బెనర్జీ, ఒకటి జర్నైల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది.

1963 జూన్‌లో రహీం గారు కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.