అడవిగడ్డ, రసెల్ మార్కర్, తవ్విన చేతులు

తుర్కపల్లి దారిన కూలికి పోయేవాళ్లకు మందుల కంపెనీల ప్రహరీ గోడలు బాగా తెలుసు. మందుకు సరుకు ఎక్కడిదో, తెచ్చినవాడికి ఏం ముట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే రసెల్ మార్కర్ కథ చెప్పుకోవాలె.

1902లో అమెరికాలో, మేరీల్యాండ్ రైతు ఇంట పుట్టాడు. డాక్టరేటు కావాలంటే ఇంకో పాఠం చదవాలన్నారు. అక్కర్లేదని యూనివర్సిటీనే వదిలేసిన మొండిఘటం. కుంకుడుకాయకు నురుగు తెచ్చే సాపొనిన్లు కొన్ని వేళ్లలో, గడ్డల్లో కూడా ఉంటయి. వాటిలోంచి చక్కెర విడగొట్టి, మిగిలినదాన్ని ప్రొజెస్టిరాన్‌గా మార్చే పద్ధతి ఆయన కనిపెట్టాడు. గర్భం నిలవడానికి కావలసిన ఈ హార్మోను అప్పట్లో గ్రాము 80 డాలర్లు!

1942లో మెక్సికో పోయి వెరాక్రూజ్‌లో అడవిగడ్డ సంపాదించాడు. మన చెంచులు తవ్వుకు తినే గడ్డల జాతే అది. ఏ కంపెనీ పైసా పెట్టలేదు. సొంత పొదుపుతో దాదాపు 10 టన్నుల గడ్డ కూడేసి, 3 కిలోల హార్మోను తీశాడు. 1944లో సింటెక్స్ కంపెనీ వెలిసింది. మరుసటేడే లాభాల వాటా దగ్గర తగాదా పడి మార్కర్ బయటికొచ్చాడు. 1949కల్లా రసాయనశాస్త్రమే మానేశాడు, 1995లో చనిపోయాడు.

మరి తవ్వినవాళ్లు? తర్వాత బర్బాస్కో అనే ఇంకా సారమున్న గడ్డ కోసం వేలాది మెక్సికో పేద రైతులు అడవుల్లో పడ్డారు. దళారి కిలో లెక్కన కట్టేవాడు. కుటుంబ నియంత్రణ మాత్రలు దాంతోనే తయారవుతున్నాయని వాళ్లలో చాలామందికి తెలియదు. 1975లో ప్రభుత్వం ప్రొకివెమెక్స్ సంస్థ పెట్టి కొనుగోలు చేపట్టింది. అప్పటికే కంపెనీలు సోయా వంటి వేరే సరుకు వైపు మళ్లుతున్నాయి.