బ్రిటన్‌లో ఉచిత వైద్యం - ఒక గని కార్మికుని పట్టుదల

బ్రిటన్‌లో రాజు, పేద తేడా లేకుండా అందరికీ ప్రభుత్వ ఖర్చుతో వైద్యం అందేట్లు చేసిన మంత్రి అన్యూరిన్ బెవాన్. ఆయన 1897 నవంబరు 15న వేల్స్‌లోని ట్రెడిగర్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టారు. నత్తి వల్ల బడిలో అవస్థ పడ్డారు. పదమూడో ఏట గనిలో దిగారు. గని బతుకు ఎట్లాంటిదో మన సింగరేణి వైపు వారికి వేరే చెప్పనక్కరలేదు. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై తండ్రి 1925లో కన్నుమూశారు. ఆ జబ్బుకు అప్పట్లో నష్టపరిహారం లేదు.

ఆ ఊళ్లో ఒక మంచి ఏర్పాటు ఉండేది. కార్మికులు కూలిలోంచి కొన్ని పెన్నీలు సంఘానికి జమకట్టేవారు. ఆ సొమ్ముతో డాక్టర్లను, నర్సులను పెట్టుకునేవారు. జబ్బు చేసిన రోజున ఫీజుకోసం అప్పు చేయనక్కరలేదు. మిగతా దేశంలో 1911 నాటి బీమా చట్టం కింద కూలి చేసే మనిషికే డాక్టరు, భార్యాబిడ్డలకు లేదు. ఇల్లాలు రోగం బయటపెట్టకుండానే చాకిరీ చేసేది.

1945 ఎన్నికల్లో లేబర్ పార్టీ గెలిచి బెవాన్ ఆరోగ్య మంత్రి అయ్యారు. అందరికీ వైద్యం ఉండాలన్న బెవరిడ్జి నివేదికను 1942లోనే జనం ఎగబడి కొన్నారు. కనుక ప్రజలను ఒప్పించే పని ఆయనకు పెద్దగా లేకపోయింది. గట్టిగా ఎదురు తిరిగింది డాక్టర్లు. సర్కారు నౌకర్లమైపోతామని వారి భయం. 1948 ఫిబ్రవరిలో వారి సంఘం ఓటింగు పెడితే పదింట తొమ్మిది మంది వద్దన్నారు. పెద్ద డాక్టర్లకు ప్రైవేటు రోగులను చూసుకునే వీలు, మామూలు డాక్టర్లకు జీతగాళ్లు కాకుండా ఉండే వీలు ఇచ్చి దారికి తెచ్చారు. లొంగిపోయాడన్నవారూ లేకపోలేదు. కాని ఆ మాత్రం పట్టువిడుపు లేకుంటే పథకం కాగితం మీదే ఉండేది.

1948 జూలై 5న పథకం మొదలైంది. కళ్లద్దాలకు, కట్టుడు పళ్లకు జనం బారులు తీరారు. గర్భసంచి జారిన బాధను ఏళ్ల తరబడి దాచుకున్న స్త్రీలు మొదటిసారి డాక్టరు గడప తొక్కారు. ఖర్చు అంచనా మించిపోయింది. 1951లో సొంత ప్రభుత్వమే పళ్లకు, అద్దాలకు కొంత డబ్బు వసూలు చేయబోతే బెవాన్ మంత్రి పదవి వదులుకున్నారు. బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేసిన చర్చిల్ పక్షం ఆ ఏడే గద్దెనెక్కింది. మందుచీటీకి ఒక షిల్లింగు పెట్టిందేగాని, పథకం జోలికి పోలేదు. పోతే ఓటర్లు ఊరుకునేవారు కారు.

బెవాన్ 1960 జూలై 6న క్యాన్సరుతో మరణించారు. పథకానికి పన్నెండేళ్లు నిండి అప్పటికి ఒక్కరోజే అయింది.