బన్యనును విడువని తలంపు

యాత్రికుని ప్రయాణము అను గ్రంథమును మన సంఘములలో అనేకులు ఎరుగుదురు. దానిని వ్రాసిన జాన్ బన్యన్ తన తలంపులచేత ఎంత నలిగినవాడో ఎరిగినవారు కొద్దిమందియే. ఈ మాసము ఆ సంగతి చెప్పగోరుచున్నాము.

ఆయన 1628లో ఇంగ్లండు దేశమందు, బెడ్‌ఫర్డు పట్టణమునకు చేరువనున్న ఎల్‌స్టో గ్రామములో పుట్టెను. తండ్రి గిన్నెలకు మాట్లు వేసి బ్రదుకువాడు. కుమారుడును ఆ పనియే నేర్చెను. యౌవనమందు గుడి గంటలు మ్రోగించుట ఆయనకు మిక్కిలి ఇష్టము. అది వ్యర్థమని మనస్సు గద్దించగా మ్రోగించుట మాని, ఊరక చూడబోవుచుండెను. అంతలో గంట తెగి పడునేమోయని తోచెను. దూలము క్రిందికి జరిగెను. గంట గోడకు కొట్టుకొని తనమీదికి వచ్చునేమోయని తోచెను. గుమ్మములోనికి జరిగెను. గోపురమే కూలునేమోయని తోచినప్పుడు అక్కడనుండి పారిపోయెను. భయమునకు ఒక అడుగు చోటిచ్చినకొలది అది మరియొక అడుగు కోరెను.

తరువాత, బెడ్‌ఫర్డు వీధిలో ఒక గుమ్మమునొద్ద ఎండలో కూర్చుండి క్రొత్త జన్మమునుగూర్చి మాటలాడుకొనుచున్న బీద స్త్రీల సంభాషణ ఆయనను కదలించెను. వారి మూలముగా జాన్ గిఫర్డు అను బోధకుని ఎరిగి, ప్రభువును ప్రేమింప మొదలుపెట్టెను. ప్రేమ వెచ్చగా నున్న ఆ కాలమందే ఘోరమైన తలంపు ఒకటి వచ్చెను. క్రీస్తును అమ్మివేయుమని లోపల ఏదో చెప్పుచుండెను. భోజనమునకు కూర్చున్నను, క్రింద పడిన గుండుసూది తీసినను, కట్టె చీల్చినను అదే మాట. లోకములు వేలకొలది ఇచ్చినను అమ్మనని ఆయన మరల మరల బదులు చెప్పుచు, ఎదుట ఎవరో నిలిచినట్టు చేతులతోను మోచేతులతోను త్రోయుచుండెను. సుమారు ఒక సంవత్సరము ఈలాగు జరిగెను. ఒక ఉదయమున పడకమీద పోరాడి పోరాడి ఊపిరాడక, ఆయన ఇష్టమైతే పోనిమ్మను తలంపు మనస్సులో దొరలిపోయెను. అంతే. తాను ఏశావువలె జ్యేష్ఠత్వమును అమ్ముకొంటినని, హెబ్రీ 12:17 తన తీర్పేనని, రెండేండ్లు కుమిలెను.

ఒకనాడు ఒక వృద్ధ విశ్వాసియొద్దకు పోయి, పరిశుద్ధాత్మకు విరోధమైన పాపము చేసితినేమోయని చెప్పుకొనెను. తనకును ఆలాగే తోచుచున్నదని ఆ పెద్ద బదులిచ్చెను! ఇది చదివినప్పుడెల్ల మాకు ఆ పెద్దమీద కోపము వచ్చును. ఆయన భక్తిపరుడే, గాని అట్టి పోరాటము ఎరుగనివాడు. మన సంఘములలోను చెప్పుకొనరాని తలంపు వచ్చినదని భయపడి ప్రభురాత్రి భోజనపు బల్లకు దూరముగా నుండువారు కలరు. బన్యనుకు ఆ బల్లయొద్దనే దూషణ తలంపులు తొమ్మిది నెలలు వచ్చినవి. మనస్సు అసహ్యించుకొను దానినే యిట్టి తలంపు పట్టుకొనుననియు, దానితో వాదించినకొలది బలపడుననియు నేటి వైద్యులు చెప్పుచున్నారు. దానికి చికిత్సయు కలదు. బన్యనుకు కలిగినది ఏ రోగమో ఇన్నాళ్ల తరువాత తేల్చుట మా పని కాదు. అయితే మీయొద్దకు ఎవరైన వచ్చి చెప్పుకొనినయెడల చివరివరకు వినుడి, వైద్యునియొద్దకు తోడుగా వెళ్లుడి. అది అవిశ్వాసము కాదు.

బన్యను వాదములో గెలిచి విడుదల పొందలేదు. 2 కొరింథీ 12:9లో పౌలుకు చెప్పబడిన కృప మొదట సగమే వినబడెను. కృప చాలునన్నది గాని, తనకు చాలునన్నది కాదు. కొన్ని వారముల తరువాత, సహోదరుల కూటములో కూర్చుండి మిక్కిలి కృంగియుండగా, తనకే చాలునని ముమ్మారు తోచెను. అప్పటికిని పూర్తిగా తీరలేదు. ఏశావు మాట ఒక ప్రక్క, కృప మాట ఒక ప్రక్క, తక్కెడవలె లేచుచు దిగుచు నుండెను. తుదకు ఆ రెండును ఒక్కమారే హృదయములో కలిసికొనగా ఏశావు మాట తగ్గి, కృప నిలిచెను. తరువాతనే ఆయన హెబ్రీ పత్రికను భయము లేక చదువగలిగెను.

అనుమతి లేక బోధించినందుకు 1660లో పట్టబడి సుమారు పండ్రెండేండ్లు చెరలో నుండెను. అక్కడ నాడాలు అల్లి ఇంటివారిని పోషించెను. గ్రుడ్డిదైన పెద్దకుమార్తెను తలంచి కన్నీరు విడిచెను. యాత్రికుని ప్రయాణము 1678లో వెలువడెను. అందులో నిరాశ అను రాక్షసుని కోటలో పడిన యాత్రికుడు, తాళపుచెవి మొదటినుండి తన రొమ్ముననే యుండెనని ఆలస్యముగా జ్ఞాపకము చేసికొనును.

తన పోరాటములనుగూర్చి చెరలోనుండి 1666లో ప్రకటించిన గ్రంథము చివర, తన హృదయములో నేటికిని మిగిలియున్న హేయమైనవి ఏడని ఆయన లెక్క వ్రాసెను. అవిశ్వాసమువైపు మొగ్గుటయు, ప్రార్థనలో మనస్సు చెదరి చల్లబడుటయు వాటిలో నున్నవి. అప్పటికి ఆయన వందలమందికి బోధించినవాడు.