సర్ ఆర్థరు కాటను: సరకుల రవాణా

మహనీయుల చరిత్రములు కేవలము శ్లాఘించుటకు గాక, వానినుండి మన బ్రదుకునకు పనికివచ్చు నీతిని గ్రహించుటకు చదువవలెను. కావున నీ సంచికయందు మేము సర్ ఆర్థరు కాటను దొరగారి జీవితమును సంగ్రహముగా వ్రాయ సంకల్పించితిమి. గోదావరికి ఆనకట్ట కట్టి పొలములకు నీరిచ్చినవాడుగా ఆయనను ఎల్లరు నెఱుగుదురు. పంట పండించుట యెంత పనియో, పండినదానిని తక్కువ కూలితో అక్కఱగల చోటికి చేర్చుటయు నంత పనియే యని తలంచి, రెంటిని ఒక్క కాలువతో సాధింపజూచినవాడుగా నెఱిగినవారు కొందఱే. సేద్యమును వర్తకమును నమ్ముకొన్న మన సంఘీయులకు ఈ రెండవ విషయమే మిక్కిలి ప్రయోజనకరమని మా యభిప్రాయము.

కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఆంగ్లదేశమున జన్మించెను. కుంపిణీవారి సైనికపాఠశాలలో విద్య ముగించి, 1821లో ఇంజనీరుగా మద్రాసు చేరెను. తొలి యుద్యోగములలోనే పాంబను జలసంధిని ఓడల రాకపోకలకై పరిశీలించెను. 1836లో కొల్లడమునకు ఆనకట్టలు కట్టి తంజావూరు సీమను కాపాడెను. ఆ దినములలోనే మద్రాసు వీథులకు కావలసిన రాతిని తెచ్చుటకై రెడ్‌హిల్స్ వద్ద ఇనుప పట్టాలబాట వేయించెను. మన దేశమున మొట్టమొదటి రైలుబాటగా చెప్పబడునది అదియే. అది మనుష్యులకొఱకు గాక సరకుకొఱకే వేయబడినది. కాలువలను మెచ్చిన యీ దొర పట్టాల మేలెఱుగనివాడు కాడని దీనివలన తేలుచున్నది.

ఆ కాలపు రవాణా కష్టమును మనము గుర్తుంచుకొనవలెను. 1832-33లో వచ్చిన నందన కరువు, జనులు డొక్కల కరువని చెప్పుకొనునది, గుంటూరు సీమను నిర్మూలము చేసెను. ధాన్యము కదలవలెనన్న లంబాడీల పెరికె యెడ్లును, నల్లరేగడిలో దిగబడు బండ్లును తప్ప వేఱు సాధనము లేదు. ఎద్దునకు దారిపొడవున మేతయు నీరును కావలెను; కరువునాడు అవి దొరకవు. కావున ధాన్యము మిక్కిలి యక్కఱయైననాడే బండి కదలకుండెను. నీటిపైనన్నచో, అవే యెడ్లు బాటపై లాగు బరువునకు ఎన్నో రెట్లు గట్టున నడచుచు తాడుతో లాగగలవు.

1844లో కాటను గోదావరి ఆనకట్టను గూర్చి విన్నపము వ్రాసెను. 1847లో పని యారంభమై 1852లో ముగిసెను. ధవళేశ్వరమును ఎన్నుకొనుటలోను రవాణా వివేకము కలదు. కట్టుబడి రాయి ప్రక్కకొండనే యుండెను. పనివారిని సమకూర్చి నడపుటలో వీణెము వీరన్నగారు కుడిభుజమై నిలిచిరి. కాలువలను త్రవ్వించినపుడు పడవలు ఎక్కి దిగుటకు లాకులు కట్టించిరి. పొలమునకు పాఱు నీరే పడవను మోసెను. 1855 నాటికి బెజవాడ యానకట్టయు ముగిసెను. పిమ్మట ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపెను. అంతకు పూర్వమే యితరులు మొదలిడిన బకింగ్‌హాం కాలువ క్రమముగా పొడిగింపబడి, పెదగంజాము వద్ద కొమ్మమూరు కాలువతో కలిసెను. ఇట్లు కాకినాడ రేవునుండి మద్రాసు వఱకు తెంపులేని నీటిబాట యేర్పడెను. సరకుల ధర తగ్గుటకు, రైతునకు దూరపు బేరము దొరకుటకు ఇదియే మార్గమయ్యెను. కుంపిణీవారి శిస్తును పెరిగినమాట నిజమే. కాని తినువానికి తిండియు చేరెను.

అయినను ఆయన తలచినవన్నియు ఫలింపలేదు. బీరారు ప్రత్తిని గోదావరి మీదుగా సముద్రమునకు దింపవలెనని ఆయన వాదించెను. నదిలో దుమ్ముగూడెము, ఇచ్చంపల్లి, దేవలమఱ్ఱి యనుచోట్ల మూడు రాతి యడ్డంకులు గలవు. ప్రతి యడ్డంకి వద్దను సరకు దింపుట, గట్టుమీద మోయుట, మరల నెక్కించుట తప్పదయ్యెను. ఇంతలో 1867లో రైలు నాగపురము చేరి, ప్రత్తిని తిన్నగా బొంబాయికి గొనిపోయెను. 1871లో గోదావరి పనులు విడిచిపెట్టిరి. ఆయన ప్రణాళికను పట్టి ఒక కంపెనీ త్రవ్విన కర్నూలు-కడప కాలువయు సముద్రము చేరక నడుమ నిలిచిపోయెను. 1882లో దొరతనమువారు దానిని కొనవలసివచ్చెను.

ధాన్యమునకు వేగము ముఖ్యము గాదు, చౌకయే ముఖ్యమని ఆయన వాదము. 1878లో పార్లమెంటు ఉపసంఘము ఎదుటను దానినే విన్నవించెను గాని, వారు సమ్మతింపలేదు. ఆయన 1899 జులై 24న పరమపదించెను; మఱుసటియేడే రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలువంతెన తెఱువబడెను. డెల్టాలో తెంపులేని బాట వలన గెలిచిన కాలువలు, దేశమంతట తెంపులేని పట్టాలు గల రైలునకు క్రమముగా లొంగిపోయెను. కాటనుకు జయమిచ్చిన సూత్రమే ఆయన కాలువలను ఓడించినది. చౌక బండిలోనో పడవలోనో లేదు. ఎక్కింపు దింపులు తక్కువగా నుండుటలో నున్నదని మా నిశ్చయము. 2008లో ఈ కాలువలను నాలుగవ జాతీయ జలమార్గమున చేర్చిరి. దాని భవిష్యత్తును ఈ సూత్రమే నిర్ణయింపగలదు.

ఇది మన డోంగ్లి ప్రాంతమునకు దూరపు కథ కాదు. మన మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి ధవళేశ్వరమునకే పోవుచున్నది. రైలు చేరని యీ మూలనుండి ప్రత్తియు సోయాయు మద్నూరు రహదారిని లారీలమీదనే పోవుచున్నవి. సగము నిండిన లారీకిని నిండిన లారీకిని కిరాయిలో భేదము స్వల్పమే. తడి యారని పంటను పంపువాడు నీటికి కిరాయి కట్టుచున్నాడు. ఉత్తచేతులతో తిరిగివచ్చు లారీ కిరాయియు చివరకు రైతు మీదనే పడును. కావున పది కుటుంబములు పంటను ఆరబెట్టి, ఒక్కచోట చేర్చి, నిండు లారీగా పంపవలెను. తిరుగు ప్రయాణమున ఎరువులను విత్తనములను తెప్పించుకొనవలెను. సంఘపోషకులు పూనుకొని ఇందులకు ఒక ఆరబోత కళ్లమును, ఒక గిడ్డంగిని కట్టింతురేని, మన పిల్లల చదువులకు వలయు ద్రవ్యము కొంత దారిలో పోకుండ నిలుచును. ఆ మహనీయునికి మనము సమర్పింపదగిన నివాళి ఇదియేనని విన్నవించుచు విరమించుచున్నాము.