సర్ థామస్ మన్రో

సర్ థామస్ మన్రో స్కాట్లాండు దేశమందలి గ్లాస్గో నగరమున 1761వ సంవత్సరమున జన్మించెను. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి చెన్నపట్టణమునకు వచ్చి, హైదరాలీతో జరిగిన యుద్ధమున పోరాడెను.

1800లో నైజాము కడప, బళ్లారి మొదలగు సీమలను కంపెనీవారికి దత్తము చేసెను. ఆ దత్తమండలములకు మన్రో ప్రధాన కలెక్టరయ్యెను. పాలెగాండ్ర నణచుటలో నతడు కఠినుడే. కాని గ్రామగ్రామము తిరిగి, గుడారములలో బసచేసి, రైతుల మొఱల నాలకించెను. పొలములను కొలిపించి, ప్రతి రైతుతోను నేరుగా పన్ను నిర్ణయించు రైత్వారీ పద్ధతిని నెలకొల్పెను.

అయినను తాను విధించిన పన్ను ఈ మెట్టసీమకు మిక్కిలి భారమని యతడే గ్రహించెను. 1807లో నాలుగవ వంతు తగ్గింపవలసినదని పైయధికారులకు వ్రాసెను. వారంగీకరింపలేదు. 1820లో తానే చెన్నరాజధాని గవర్నరు కాగా, ఆ తగ్గింపును జరిపించెను.

1827లో పదవి విడిచి స్వదేశమునకు పోవలసియుండియు, తానెఱిగిన ప్రజలను కడసారి చూడగోరి దత్తమండలములకు బయలుదేఱెను. త్రోవలో కలరా సోకి, జూలై 6వ తేదీన పత్తికొండలో మరణించెను. మొదట గుత్తిలో సమాధి చేయబడెను. పిమ్మట నస్థికలు చెన్నపట్టణపు కోటలోని సెంట్ మేరీ దేవాలయమునకు చేర్చబడెను. ఈ సీమవారు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనిరి.

బాలబాలికలారా! తన లెక్కలోని తప్పును తానే యొప్పుకొని, దానిని దిద్దువఱకు పదమూడేండ్లు మఱువకుండుట యుద్ధమున గెలుచుటకంటె కష్టము.