రాజుగారి బావమరిదిని చూసి నవ్వడం నేర్పిన రేలంగి

మన ఊళ్లల్లో ఏ ఫ్లెక్సీ కట్టినా అందులో ఓ బావమరిది ఉంటాడు. తెల్లచొక్కా, నల్లద్దాలు, మెళ్లో లావుపాటి గొలుసు. పదవేమీ ఉండదు, ఓటేసి గెలిపించినోళ్లూ ఉండరు. పెద్దాయనకి చుట్టం, అంతే. ఆ ఫ్లెక్సీ కింద నుంచి వెళ్లిన ప్రతిసారీ నాకు శూరసేనుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

శూరసేనుడంటే మీలో చాలామందికి తెలీకపోవచ్చు తమ్ముళ్లూ, చెల్లెమ్మలూ. 1951లో వచ్చిన పాతాళభైరవిలో రాజుగారి బావమరిది ఆయన. పేరులో తప్ప ఒంట్లో ఎక్కడా శౌర్యం లేనోడు. ఆ వేషం కట్టినాయన రేలంగి వెంకట్రామయ్య. మన మట్టిలో పుట్టి, మన మట్టిలోనే కలిసిన మనిషి. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. రీల్స్ చేసి జనాన్ని నవ్వించాలనుకునే మీ వయసోళ్లు ఆయన కథ తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నా.

రేలంగి 1910 ఆగస్టు 9న రావులపాలెం దగ్గర రావులపాడులో పుట్టాడు. ఇప్పటి లెక్కలో అది అంబేడ్కర్ కోనసీమ జిల్లా. తండ్రి హరికథలు చెప్పేవాడు, సంగీతం నేర్పేవాడు. అంటే పాట ఆయనకి ఇంట్లోనే దొరికింది. చిన్నప్పుడే తల్లి పోయింది. చదువు కోసం కాకినాడ చేరాడు గానీ, చదువు కంటే నాటకం గట్టిగా పట్టుకుంది.

అప్పటి కాకినాడ గురించి కొంచెం చెప్పాలి. అక్కడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఓ నాటక సమాజం ఉండేది. రేలంగి అందులోనే పెరిగాడు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆమె భర్త అయిన సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కూడా ఆ క్లబ్బు మనుషులే. ఒక్క ఊళ్లో ఒక్క క్లబ్బు తెలుగు సినిమాకి ఎంతమందినిచ్చిందో చూడండి. అవి పద్యనాటకాల రోజులు. మైకు లేకుండా చివరి వరసలో కూచున్నోడికి కూడా మాట వినపడాలి, పద్యం అందాలి. పాడటం రానోడికి వేషం దొరకడమే కష్టం. ఆడవాళ్లు స్టేజీ ఎక్కడం అరుదు కాబట్టి ఆ వేషాలూ మగాళ్లే కట్టేవారు. రేలంగీ కట్టాడు.

1935లో శ్రీకృష్ణ తులాభారం సినిమాతో తెరమీదకొచ్చాడు. అప్పటికి మన ఆంధ్రాలో స్టూడియో లేదు. తెలుగు సినిమా తియ్యాలంటే కలకత్తాకో, బొంబాయికో, మద్రాసుకో పోవాల్సిందే. మరుసటి ఏడు, 1936లో, మన రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టారు. రేలంగిని చేరదీసినాయన చిత్తజల్లు పుల్లయ్య. ఆయనా కాకినాడ మనిషే, సతీ సావిత్రి, లవకుశ తీసిన తొలితరం దర్శకుడు.

మొదటి సినిమా పడగానే రేలంగి దశ తిరిగిపోయిందనుకుంటున్నారేమో. లేదు. జనం పేరుపెట్టి పిలవడానికి పద్నాలుగేళ్లు పట్టింది. ఆ పద్నాలుగేళ్లూ చిన్నచిన్న వేషాలు వేశాడు, పుల్లయ్య దగ్గర నిర్మాణం పనులు చూశాడు, మధ్యలో నాటకాలాడాడు. పెళ్లయ్యి, సంసారం నెత్తిన పడ్డాక కూడా అదే బతుకు. ఇవాళ పద్నాలుగు రీల్స్ పెట్టి లైకులు రాలేదని ఫోను పక్కన పడేసే తమ్ముళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లని ఎత్తిపొడవడానికి చెప్పట్లేదు. ఆ కాలం ఆయనకి ఉత్తినే పోలేదని చెప్తున్నా. కెమెరా ముందు మనిషి ఏం చేస్తాడో, వెనక కూలీలు ఏం మోస్తారో, రెండూ చూశాడు.

1948లో వింధ్యరాణి, 1949లో కీలుగుర్రం, గుణసుందరి కథ వచ్చాయి. అప్పుడు కుదిరింది. గుణసుందరి కథ కేవీ రెడ్డి తీసింది. ఇంగ్లీషోళ్ల షేక్స్‌పియర్ రాసిన కింగ్ లియర్ నాటకం పోలిక ఉంటుంది దాంట్లో. ముసలి రాజు, ముగ్గురు కూతుళ్లు. రేలంగి అందులో రాజుగారి అల్లుడు. ఆ తర్వాత రాజుగారి బావమరిది శూరసేనుడు. 1957లో మాయాబజార్‌లో దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడు. 1963లో నర్తనశాలలో విరాటరాజు కొడుకు ఉత్తరకుమారుడు.

ఈ వరస గమనించారా? అల్లుడు, బావమరిది, కొడుకు, ఇంకో కొడుకు. అందరూ పెద్దింటోళ్లే. చెమటోడ్చి సంపాయించింది ఒక్కటీ లేదు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవసేన కనపడగానే రథం దిగి పరిగెత్తే ఉత్తరకుమారుడు ఎవరు? శర్మ, శాస్త్రి ఇద్దరూ పక్కన చేరి పొగుడుతుంటే తన్ని తాను చూసుకుని మురిసిపోయే లక్ష్మణకుమారుడు ఎవరు? జమీందార్లనీ, పెద్ద పెద్ద ఆసాముల్నీ చూసిన డెల్టా జనానికి వాళ్లెవరో విడమరిచి చెప్పక్కర్లేదు. పగలు దివాణం ముందు తలొంచుకుని నిలబడ్డోళ్లు, రాత్రి నేల టిక్కెట్టు కొనుక్కుని ఆ దివాణం కొడుకుని చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. రేలంగి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఉద్యమకారుడూ కాదు. వేషం కట్టి నిలబడ్డాడు, అంతే.

మాయాబజార్‌లో ఇంకో ముచ్చట. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కి విలవిల్లాడించే మాయ శశిరేఖ సావిత్రి. కానీ కథలో ఆ వేషం వెనకున్నది ఘటోత్కచుడు, అంటే ఎస్వీ రంగారావు. కాకినాడ క్లబ్బు మనుషులిద్దరు తెలుగోళ్లందరి ముందూ ఆడిన ఆట అది.

పాట సంగతి మర్చిపోకూడదు. రేలంగి గాయకుడని చాలామందికి తెలీదు. శూరసేనుడు రాజకుమారి మీద తన ప్రేమగోల వెళ్లబోసుకునే పాట ఆయన సొంత గొంతే. 1955లో వచ్చిన మిస్సమ్మలో బిచ్చగాడు దేవయ్య పాటలూ ఆయనే పాడాడు. దేవయ్యని చూసి మనం నవ్వుతాం గానీ, అతని లేమిని చూసి కాదు, బతకనేర్చిన తెలివిని చూసి. ఆ తేడా ఆ గొంతులోనే ఉంది. మరీ తియ్యగా పాడడు. వీధిలో మనిషి పాడినట్టే ఉంటుంది.

కానీ అప్పటికే సినిమాలో పాడే గొంతు వేరు, ఆడే పెదవి వేరు అయిపోతున్నాయి. 1953లో పుల్లయ్య పక్కింటి అమ్మాయి తీశాడు. హీరో రేలంగి, హీరోయిన్ అంజలీదేవి. కథ బెంగాలీది. పక్కింటి పిల్లకి సంగీతమంటే ప్రాణం, మనోడికి పాట రాదు. స్నేహితుడు చాటునుండి పాడితే వీడు పెదాలాడిస్తాడు. ఆ స్నేహితుడి వేషం వేసి పాడినాయన ఏఎం రాజా. ఇదే కథ 1968లో హిందీలో పడోసన్‌గా వచ్చింది. హరికథకుడి కొడుకు, పద్యాలు పాడి పైకొచ్చినోడు, పాట రానోడిగా నటించాడు. జనం నవ్వారు. ఆయనా నవ్వే ఉంటాడు. తర్వాత తర్వాత ఆయనకి మాధవపెద్ది సత్యం లాంటోళ్లు పాడారు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడానికి రాయట్లేదు నేను. గయ్యాళి పెళ్లాం, నోరెత్తలేని మొగుడు అనే మూస కామెడీలో సూర్యకాంతంతో కలిసి ఆయన చాలానే చేశాడు. ఇంటెడు చాకిరీ చేసే ఆడమనిషి కోపాన్ని నవ్వులాట చేసిన కామెడీ అది. ఇద్దరూ గొప్పగా చేశారు కాబట్టే ఆ మూస ఇంతకాలం బతికింది. చెల్లెమ్మలు ఇది అడిగితే సమాధానం నా దగ్గర లేదు.

మూడొందలకి పైగా సినిమాలు చేశాడు. సమాజం అనే సినిమా సొంతంగా తీశాడు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు. తెలుగు హాస్యనటుల్లో ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి ఆయనే. మద్రాసులో అంత పేరొచ్చినా తాడేపల్లిగూడెంతో ముడి తెంచుకోలేదు. అక్కడ రేలంగి చిత్రమందిర్ అని సినిమా హాలు కట్టాడు. 1975 నవంబరు 27న గూడెంలోనే కన్నుమూశాడు.

ఇప్పుడు నా సంగతి. నేను పదో తరగతితో బడి మానేసినోణ్ణి. పంతొమ్మిదేళ్లప్పుడు సంక్రాంతికి మా ఊరి స్టేజీ ఎక్కా. మా కాలవగట్టు మీద ఓ కూలాయన ఉండేవాడు. బస్తా మీద పడి కాలు దెబ్బతింది, ఈడుస్తూ నడిచేవాడు. నేను స్టేజీ మీద ఆయన్లా నడిచా. ఊరంతా పడీపడీ నవ్వింది, ఈలలేశారు. ఆయన ఆ జనంలోనే ఉన్నాడని నాకు తెలుసు. మరుసటేడు పండక్కి ఆయన స్టేజీ దగ్గరికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నేను పోయి క్షమించమని అడగలేదు. సిగ్గు.

కొన్నాళ్లకి కుర్రోళ్లంతా టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చి మాయాబజార్ వేశారు. లక్ష్మణకుమారుడి నడక చూశా. ఊరంతా మళ్లీ అలాగే నవ్వింది. కానీ ఆ నవ్వుకి ఎవరూ లేచి ఇంటికెళ్లలేదు. కాలు ఈడ్చే మనిషిని చూపించి నవ్వించడం చాలా సులువు. పల్లకీ దిగడం రానోణ్ణి చూపించి నవ్వించడానికి పనితనం కావాలి. నాకు అదే లేకపోయింది.

ఇవాళ మన ఫోన్లలో తిరిగే కామెడీ ఎక్కువ నేను చేసిన రకమే. నల్లగా ఉన్నోళ్లు, లావుగా ఉన్నోళ్లు, ఇంగ్లీషు రాని ముసలమ్మ, మన గోదారి యాస, పక్క జిల్లా యాస. తిరిగి కొట్టలేనోళ్లని చూసి నవ్వుతున్నాం. ఫ్లెక్సీ మీద బావమరిది మాత్రం హాయిగా చేతులు జోడించి నిలబడే ఉన్నాడు.

ఆ కూలాయన ఇప్పుడు లేడు. ఆయన మనవడు రీల్స్ చేస్తాడు. మొన్న ఒకటి పెట్టాడు: తెల్లచొక్కా, నల్లద్దాలు, ఎవరూ పిలవని పెళ్లికి ఎనిమిది బళ్లతో వచ్చి చేతులూపడం. ఏడొందలమంది కూడా చూడలేదు. నేను నాలుగుసార్లు చూశా. రేలంగి పేరు విన్నావా అని అడిగితే లేదన్నాడు. మాయాబజార్ పంపించా, పెళ్లి సీను దగ్గర్నుంచి చూడమని.