వేమనను వెలికితీసిన బ్రౌను దొర

ఒక జాతి కావ్యం మరొక జాతి భాషలోనికి చేరడం తేలిక కాదు. ఫ్రెంచివారి మధ్యయుగపు వీరకావ్యం రోలాండు గాథ సుమారు నాలుగు వేల పాదాలు గలది. అది ఆక్స్‌ఫర్డు గ్రంథాలయంలో వ్రాతప్రతిగా మిగిలి, 1837లో ప్యారిస్‌లో అచ్చయింది. డొరొతీ సేయర్స్ అనే రచయిత్రి చేసిన ఇంగ్లీషు అనువాదం 1957లో వెలువడింది. మన వేమన పద్యాలకు అటువంటి సేవ 1829లోనే లభించింది. చేసినవారు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యులు, పండితులు. 1812లో ఆయన గతించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. హెయిలీబరీలో కుంఫిణీ కొలువుకు తగిన చదువు ముగించి, బ్రౌను 1817లో చెన్నపట్నంలో దిగారు. వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు ఓనమాలు దిద్దారు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరారు.

1824లో దుబాయ్ అనే ఫ్రెంచి పాదిరి వ్రాసిన గ్రంథంలో వేమన పేరు ఆయన కంటపడింది. తెలుగు కవి ఉనికిని తెలుగునాట ఉన్న అధికారికి ఫ్రెంచివాని పుస్తకం తెలపవలసి రావడం మనకు కొంత సిగ్గుచేటే. నాటి పండితులలో పలువురు వేమనను కవిగా లెక్కించేవారు కారు. బ్రౌను తాళపత్రాలు తెప్పించి, పాఠాలు పోల్చి చూశారు. తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్యగార్ల వద్ద ఛందస్సు నేర్చారు. 693 పద్యాలను ఏరి, నీతి, మతం, పరిహాసం అని విభజించి, ఇంగ్లీషు అనువాదంతో ముద్రింపించారు. 1839 నాటి ప్రతిలో వాటి సంఖ్య 1,164కు పెరిగింది. ఆటవెలది నడక ఇంగ్లీషులో రాదు; అర్థం మాత్రం దక్కింది. అనువాదం కన్న దాని ప్రక్కన మూలం చెదలపాలు కాకుండా అచ్చుకెక్కడమే మనకు పెద్ద లాభం.

కడపలో ఒక బంగళా కొని, పండితులకు స్వంత జీతంలో నుండి వేతనాలిచ్చి, ప్రతులు వ్రాయించి, పరిష్కరింపజేశారు. అప్పులపాలయ్యారు. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన ఘోర క్షామాన్ని కరువు అని ఉన్నదున్నట్లు వ్రాసినందుకు పైవారి ఆక్షేపణకు గురయ్యారు. 1834లో ఉద్యోగానికి దూరమై లండను వెళ్లినపుడు సైతం ఊరకుండక, అక్కడ పడివున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను చెన్నపట్నం చేర్పించారు. తిరిగి వచ్చిన తరువాత 1840లో వ్యాకరణాన్ని, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించారు. అనంతపుర చరిత్రను అనువదించి 1853లో అచ్చొత్తించారు. కచేరీలలో, సంతలలో వాడే అన్యదేశ్యాలకు 1854లో ప్రత్యేకంగా మరొక నిఘంటువు కూర్చారు. పండితులు చిన్నచూపు చూసిన వాడుక మాటలకు కూడా ఆయన చోటిచ్చారు. తిరుచ్చులి పరిసరాలలో తమిళం నడుమ ఇంటి తెలుగును నిలుపుకొన్న కుటుంబాలకు ఆ ఉదారత విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

కొలువు చాలించి లండను చేరిన బ్రౌను 1865లో అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. 1884 డిసెంబరు 12న పరమపదించారు. ఆయన సేకరించిన ప్రతులు చెన్నపట్నంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. కడపలో ఆయన బంగళా ఉండిన చోట ఆయన పేరిట గ్రంథాలయం వెలసింది.